మూడోసారి అడగని మాట

బెల్‌ఫాస్ట్‌కు ఉత్తరాన ఆంట్రిమ్ కొండల పక్కన ఒకరింటికి వెళ్లి టీ తాగి రావడం అంత తేలికైన పని కాదు. ఇంటివాళ్లు తాగమంటారు. వద్దనాలి. ఫరవాలేదు తాగండంటారు. అబ్బే, ఇప్పుడే తాగొచ్చామనాలి, పొద్దున్నుంచి గొంతులో చుక్క పడకపోయినా సరే. మూడోసారి అడిగాక, ఇక మీ మాట కాదనలేకపోతున్నాం అన్నట్టు కుర్చీ ముందుకు లాక్కోవాలి. మొదటిసారే సరేనన్నవాడు తిండిపోతు. రెండోసారితో అడగడం మానేసినవాడు పిసినారి. ఈ సంగతి అక్కడ ఎవరూ ఎవరికీ నేర్పరు, పాలతోపాటే వచ్చేస్తుంది.

మాథ్యూ కెర్నహన్ ఈ విద్యలో ఆరితేరినవాడు. మామూలుగా నోట్లోంచి మాట ఊడిపడని మనిషి, గుమ్మంలోకి ఎవరొచ్చినా మాత్రం వదిలేవాడు కాదు. ఉత్తరాలు తెచ్చే మనిషినీ, గిన్నెలకు మాట్లు వేస్తూ ఊళ్లు తిరిగేవాళ్లనూ చేతులు పట్టుకుని కూర్చోబెట్టేవాడు. ఒకసారి దారితప్పి వచ్చిన ఇన్సూరెన్స్ ఏజెంటు కూడా నాలుగు సోడా రొట్టెలు తింటే గానీ బయటపడలేదు. పాలసీ మాట ఎత్తే సందు మాత్రం అతనికి దొరకలేదు.

మాథ్యూకు ఊళ్లో ఇంకో పేరుంది, పద్యం మాథ్యూ అని. అతని ముత్తాత సాండీ కెర్నహన్ చేనేత పనివాడు. ఆ రోజుల్లో ఆ లోయలో నేతగాళ్లు మగ్గం పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని, పోగు వేస్తూ పాదాలు కట్టేవాళ్లు. సాండీ రాసినవన్నీ మనవలు పొయ్యి రాజేసుకోవడానికి వాడేశారు. ఒక్క పద్యం మాత్రం జనం నోట మిగిలింది. ఒక చెడ్డ చలికాలం మీద రాసింది. ఏటా క్రిస్మస్ వెళ్లాక చర్చి హాల్లో ఊరంతా కూడి టీ తాగి, పాటలు పాడుకునే సాయంత్రం, మాథ్యూ లేచి దాన్ని చెప్పడం ఆనవాయితీ. చివరి పాదాలు ఇలా ఉంటాయి:

మగ్గం గుంటలో మంచు పేరె,
పిండి తొట్టెకు అడుగు తేలె;
తాత థోల్ చేసె, తండ్రి థోల్ చేసె,
నేనూ థోల్ చేసి నేత ముగిస్తా.

ఆఖరి పాదం దగ్గర మాథ్యూ గొంతు తగ్గించేవాడు. థోల్ అన్న మాటకు ముందు ఒక్క క్షణం ఆగేవాడు. హాల్లో దగ్గేవాళ్లు కూడా దగ్గు ఆపుకునేవాళ్లు.

థోల్ అంటే ఏమిటని అక్కడి పిల్లల్ని అడిగితే నవ్వుతారు. పంటి నొప్పిని థోల్ చేస్తారు. వానను, అత్తగారిని, ఆదివారం ఎంతకీ తెమలని ప్రసంగాన్ని థోల్ చేస్తారు. మనం ఓర్చుకోవడం అంటాం, భరించడం అంటాం. ఓర్చుకునేవాడికి ఎప్పటికో ఒకప్పటికి మేలు జరుగుతుందన్న ఆశ ఉంటుంది. భరించేవాడు కనీసం ఉస్సురంటాడు. థోల్ చేసేవాడికి ఆ రెండూ లేవు. తల దించుకుని, పెదవి బిగించి, వచ్చినదాన్ని తన మీదుగా పోనిస్తాడు. అది పైకి కనపడకూడదు కూడా. కనపడిందా, చేసిందంతా బూడిదలో పోసినట్టే.

చిన్నప్పుడు బళ్లో మాథ్యూ ఈ మాట అన్నందుకు మాస్టారు మెటికల మీద కొట్టాడు, మోటు మాటట. తర్వాత ఎన్నో ఏళ్లకు బెల్‌ఫాస్ట్ నుంచి కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన పాతమాటలు వెతుక్కుంటూ వచ్చి, మాథ్యూ చేత పద్యం రెండుసార్లు చెప్పించుకున్నాడు. వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషులో తొలి కావ్యాలు కట్టినవాళ్లు ఈ మాట వాడారని ఆయన చెప్పాడు. మంచు సముద్రం మీద ఒంటరిగా పడవ నడిపేవాడు చలిని థోల్ చేశాడట. సిలువ మీద ప్రభువు మేకుల్ని థోల్ చేశాడట. ఇంగ్లీషువాళ్లు ఎప్పుడో పారేసుకున్న ఈ మాట ఇక్కడా, నీళ్లకు అవతల స్కాట్లండ్‌లోనూ బతికుందనీ, మరే మాటా బరువు మొయ్యలేనప్పుడు ఇప్పటి కవులు కూడా దీన్ని వెతికి తెచ్చుకుంటారనీ అన్నాడు. ఆ సాయంత్రం మాథ్యూ రెండంగుళాలు పొడుగెదిగినట్టు ఇంటికొచ్చి, భార్య ఎఫీకి పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఎఫీ రొట్టె పెనం మీద తిరగేస్తూ అంతా విని, “తాత చేశాడు, తండ్రి చేశాడు, సరే. వాళ్ల ఆడవాళ్లు అప్పుడేం చేశారంట? పేకాడుకున్నారా?” అంది.

పేకముక్క కంటపడితే మొహం కడుక్కునే ఇల్లు అది. మాథ్యూ చాలాసేపు నవ్వాడు. నవ్వాడే గానీ, ఆ ప్రశ్నకు జవాబు ఆలోచించలేదు.

ఎఫీ పన్నెండో ఏట నార మిల్లులో చేరింది. తడి వడుకు గదిలో ఆడపిల్లలు చెప్పుల్లేకుండా వేడినీళ్లలో నిలబడి పనిచేసేవాళ్లు. ఆమె కాలి గోళ్లు అప్పుడు ఊడినవి మళ్లీ సరిగ్గా రాలేదు. పెళ్లయి ఈ కొండ పొలానికి వచ్చాక ఒక పాప పుట్టింది. మార్గరెట్ అని పేరు పెట్టుకున్నారు. ఒక చలికాలం బతికింది. పాతిపెట్టి వచ్చిన మధ్యాహ్నం ఎఫీ చేతులు కడుక్కుని, వచ్చినవాళ్లందరికీ రొట్టెలు కాల్చింది. కంట నీరు ఎవరూ చూడలేదు. మాథ్యూ చూశాడేమో, అతనూ ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి అతనికి భార్య అంటే ఒక గర్వం పట్టుకుంది. సంతలో, చర్చి బయట, మాట వస్తే చాలు, “మా ఎఫీలా థోల్ చేసేవాళ్లు ఈ లోయలోనే లేరు” అనేవాడు. ఆమె పక్కనే నిలబడి ఉండగా కూడా అనేవాడు. ప్రేమగానే అనేవాడు, పాపం. అంత మెచ్చుకోలు మోసే మనిషి ఇక నొప్పి అని నోరు తెరవడం ఎలాగో అతనికి తట్టలేదు.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన కొన్నేళ్లకు, ఆగస్టులో, అవిసె పీకే రోజులు వచ్చాయి. నార కోసం వేసిన అవిసెను కొయ్యరు. కోస్తే నార పొట్టిదైపోతుందని వేళ్లతో సహా పీకుతారు. నడుములు విరిగే పని. ఇరుగుపొరుగు అందరూ సాయం వచ్చారు. పీకిన మొక్కల్ని తుంగ తాళ్లతో కట్టలు కట్టి వరసగా నిలబెడుతున్నారు. ఎఫీ డబ్బా నిండా టీ, బుట్టలో రొట్టె, పంది మాంసం తెచ్చి గట్టు మీద పెట్టి, అందరికీ పోసింది. పోశాక ఒక అవిసె కట్ట మీద కూర్చుంది.

పొలంలో ఆమె కూర్చోగా మాథ్యూ ఎప్పుడూ చూడలేదు. కుడి చెయ్యి పక్కటెముకల కింద గట్టిగా అదిమి ఉంది, మొహం సున్నం కొట్టినట్టుంది. అతను చూస్తున్నాడని గమనించి చెయ్యి తీసి, ఏప్రాన్ మీద లేని రొట్టె ముక్కలు దులుపుకుంది. అలా దులుపుకోవడం అతను అంతకుముందు వేసవి మొదట్లోనూ రెండుమూడుసార్లు చూశాడు. ఈసారి చూడనట్టు ఉండలేకపోయాడు.

ఆ సాయంత్రం భోజనాలయ్యాయి, బయట ఇంకా వెలుగుంది. ఎఫీ అతనికి వీపు పెట్టి గిన్నెలు తుడుస్తోంది. మాథ్యూ టోపీ చేతుల్లో తిప్పుకుంటూ గది మధ్యలో నిలబడ్డాడు.

“డాక్టర్ని పిలుచుకు రమ్మంటావా?” అన్నాడు.

“ఎందుకు? వద్దు. థోల్ చేస్తాలే.”

సర్కారు వైద్యం ఉచితం చేసింది, డాక్టరుకు డబ్బులివ్వాల్సిన కాలం అప్పటికే పోయింది. సైకిలు గోడకు ఆనించి ఉంది. అడ్డమేమీ లేదు. మర్నాడు అవిసె కట్టల్ని, నార ఊడేలా మురగబెట్టే నీళ్ల గుంటలోకి దించాలి నిజమే, కానీ అది కూడా కారణం కాదు. డాక్టరు వస్తే ఆసుపత్రి అంటాడు. మాథ్యూ వాళ్లమ్మ ఆసుపత్రికి బండిలో వెళ్లింది, పెట్టెలో వచ్చింది. ఎఫీ వద్దు అనగానే అతని గుండె మీంచి బరువు దిగింది. హాయిగా అనిపించింది. ఆ హాయినే అతను తర్వాత బతికున్నన్నాళ్లూ క్షమించుకోలేకపోయాడు. టోపీ పెట్టుకుని, ఆవును చూసొస్తానని కొట్టంలోకి వెళ్లాడు. ఆవుకు ఏమీ కాలేదు.

తర్వాతి వారాలు గుంట కంపుతో గడిచాయి. నడుముల్లోతు మురుగులో దిగి, నానిన కట్టల్ని గట్టుకు విసిరారు, పొలంలో పరిచి ఆరబెట్టారు. ఆ కంపు మనిషి చర్మంలోకి దిగిపోతుంది, ఏ సబ్బుకీ పోదు. అందువల్ల తిండి సయించడం లేదంది ఎఫీ. తన బంగాళాదుంపలు అతని కంచంలోకి తోసేది. ఏప్రాన్ తాళ్లు ఇదివరకు ఒక చుట్టు తిరిగి ముడిపడేవి, ఇప్పుడు రెండు చుట్లు తిరుగుతున్నాయి. మాథ్యూ అన్నీ చూశాడు. రాత్రి భోజనం దగ్గర ఎన్నిసార్లో నోరు తెరిచాడు. తెరిచిన ప్రతిసారీ ఆమె తలెత్తి అతనికేసి చూసేది. అప్పుడతను రేపు వానొచ్చేలా ఉందనేవాడు.

పక్క పొలం సేడీ గిల్మర్ ఆరుగురు పిల్లల్ని పెంచిన మనిషి, ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. అక్టోబరులో ఒక ఆదివారం చర్చి గేటు దగ్గర మాథ్యూను ఆపింది.

“ఏమయ్యా మాథ్యూ, కళ్లు కనపడుతున్నాయా నీకు?”

“డాక్టరు వద్దంది. థోల్ చేస్తానంది.”

“అంటుందయ్యా. ఎద్దు కాలు తొక్కినా అంటుంది. నువ్వేమన్నావు?”

మాథ్యూ టోపీ సర్దుకుని గేటు దాటాడు. మర్నాడు పొద్దున సేడీ వచ్చింది. అతను కొట్టంలో ఉన్నాడు. వంటింటి తలుపు పై సగం తెరిచే ఉంటుంది, మాటలన్నీ వినపడుతున్నాయి.

“ఎఫీ, నాతో డాక్టరు దగ్గరికి రా.”

“అబ్బే, ఇవాళ వెన్న చిలకాలి.”

“వెన్న ఎక్కడికీ పోదు. రావే.”

“ఇంకో వారం చూద్దాంలే, సేడీ.”

“ఎఫీ, రావే తల్లీ.”

 తర్వాత తలుపు వెనక మేకు మీంచి కోటు తీసిన చప్పుడయింది. మాథ్యూ చేతిలో పాల బకెట్‌తో అక్కడే నిలబడిపోయాడు. ఇంతేనా, అనుకున్నాడు. ఇంత తేలికా, అనుకున్నాడు.

బెల్‌ఫాస్ట్ ఆసుపత్రిలో కడుపు కోసి, చూసి, మళ్లీ కుట్టేశారు. డాక్టరు మాథ్యూను వరండాలోకి పిలిచి, వేసవిలో తీసుకొచ్చి ఉంటే అని మొదలుపెట్టి, అతని మొహం చూసి అక్కడితో ఆపేశాడు. ఇంటికి తీసుకెళ్లమన్నాడు.

ఆమె మంచాన్ని పైగదిలోంచి కిందికి దింపి, వంటింట్లో పొయ్యికి దగ్గరగా వేశారు. ఆవు పాలు పితకడం, రొట్టె కాల్చడం, ఆమెను పక్కకు తిప్పడం అన్నీ మాథ్యూ చేశాడు. రొట్టెలు మాడాయి. ఎఫీ వాటిని చూసి, కావాలంటే ఇటుకలని చెప్పి గిల్మర్ వాళ్లకు అమ్ముకోవచ్చంది. నొప్పి వచ్చినప్పుడు దుప్పటి అంచు నోట్లో పెట్టుకునేది. అతను ఉన్నప్పుడు అదీ చేసేది కాదు.

క్రిస్మస్‌కు ముందు ఒక మధ్యాహ్నం అతను టీ కలిపి తెచ్చాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కొంచెం తాగమన్నాడు. వద్దంది. రెండు గుక్కలే, ఎఫీ, నా మాట విను, అన్నాడు. అప్పుడామె చెయ్యి చాపి, గ్లాసు పట్టుకుని, చిన్నగా నవ్వింది.

“టీ దగ్గర నిన్ను మించినవాడు లేడు, మాథ్యూ.”

అతనూ నవ్వబోయాడు.

“డాక్టరు మాట మాత్రం ఒక్కసారే అడిగావు” అంది.

మాథ్యూ మంచం పక్క పీట మీద కూర్చున్నాడు.  “థోల్ చేస్తానన్నావు కదే” అన్నాడు చివరికి.

“అన్నాను. మరేమంటాను? అడగ్గానే ఎవరైనా ఊఁ అంటారా?” ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, వాన గురించి చెప్పినట్టే చెబుతోంది. “మళ్లీ అడుగుతావని తుడిచిన గిన్నే తుడుస్తూ నిలబడ్డాను. అప్పటికే పొడిగా ఉంది ఆ గిన్నె. తర్వాత నీ బూట్ల చప్పుడు బయటికెళ్లిపోయింది.”

అతను ఏదో అనాలి. తప్పయిపోయిందనాలి. భయమేసి పారిపోయానని చెప్పాలి. ఆ మాటలు గొంతు దాకా వచ్చాయి. వయసంతా వాటిని మింగడమే నేర్చుకున్నవాడు, అప్పుడూ మింగాడు. పొయ్యిలో కాల్చే పీటు మట్టిగడ్డలు తెస్తానని లేచి బయటికి వెళ్లి, గడ్డల కుప్పకు నుదురు ఆనించి ఏడ్చాడు. లోపల ఎఫీ మళ్లీ ఆ బూట్ల చప్పుడే విని ఉంటుంది. ఆ సంగతి అతనికి రాత్రి పడుకున్నాక గానీ తట్టలేదు.

జనవరిలో ఎఫీ పోయింది. లోయ అంతా వచ్చింది. చావింటి ఆచారం ప్రకారం గడియారం ఆపారు, అద్దం మీద గుడ్డ కప్పారు. వచ్చిన ప్రతివాళ్లూ శవం దగ్గర నిలబడి, మాథ్యూ చెయ్యి పట్టుకుని ఒకటే మాట అన్నారు. ఎంత థోల్ చేసిందయ్యా, నోరెత్తి ఒక్క మాట అనలేదు, అని. పాస్టరు గారు ప్రార్థనలో కూడా అదే అన్నాడు. అది అక్కడ మనిషికి ఇచ్చే అన్నిటికంటే పెద్ద గౌరవం. మాథ్యూ ప్రతివాళ్లకూ తల ఊపాడు. సేడీ గిల్మర్ ఒక్కతే ఏమీ అనకుండా, మూలన కూర్చుని మొహం ఏప్రాన్‌లో దాచుకుంది.

ఏడాది గడిచింది. మళ్లీ చలికాలం వచ్చింది, చర్చి హాల్లో దీపాలు పెట్టారు. మాథ్యూ రానన్నాడు గానీ సేడీ మొగుడు టామ్ గిల్మర్ వచ్చి తీసుకెళ్లాడు. టామ్ మెత్తని మనిషి, ఎవరి మనసూ నొప్పించలేడు. పాటలయ్యాక పాస్టరు గారు పద్యం అడిగాడు. మాథ్యూ వద్దన్నాడు. వెనక బెంచీల వాళ్లు అడిగారు. ఈసారికి వదిలెయ్యండి అన్నాడు. హాలంతా ఒకేసారి అడిగింది. ఇక లేవక తప్పదు, లేచాడు.

పద్యం బాగానే నడిచింది. గొంతు ముసలిదైంది గానీ, మాట తడబడలేదు. మగ్గం గుంటలో మంచు పేరింది. పిండి తొట్టెకు అడుగు తేలింది. తాత, తండ్రి కూడా అయ్యారు. ఆఖరి పాదంలో ‘నేనూ’ అని, ఎప్పటిలాగే ఆగాడు. జనం ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టారు. మాట రాలేదు. అతని కళ్ల ముందు ఒక పొడి గిన్నె, దాన్ని గుండ్రంగా తుడుస్తున్న చెయ్యి కనపడుతున్నాయి. మరిచిపోయాడేమోనని ముందు వరసలోంచి ఒకావిడ ఆ మాట మెల్లిగా అందించింది. హాల్లో ఇంకా కొందరు అందించారు. అందరికీ వచ్చు ఆ మాట.

“గుర్తుంది” అన్నాడు మాథ్యూ. “నా వల్ల కాదు.”

వచ్చి తన చోట కూర్చున్నాడు.  తర్వాత ఎవరో దయతలిచి పియానో మొదలెట్టారు, కప్పులు గలగలమన్నాయి. మాథ్యూ గొంతు ఎండిపోయింది. ఇంత వేడి టీ పడితే బాగుండుననీ, పక్కన ఎవరైనా కూర్చుని ఏమైందని అడిగితే ఎఫీ సంగతి మొత్తం, గిన్నె సంగతితో సహా చెప్పేద్దామనీ అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక అలా అనిపించడం అదే మొదలు.

టామ్ గిల్మర్ కప్పు పట్టుకుని వచ్చాడు.

“టీ తాగు మాథ్యూ.”

“వద్దులే టామ్.”

“తాగవయ్యా, వేడిగా ఉంది.”

“అబ్బే, ఏమీ వద్దు.”

టామ్ అతని మొహంలోకి చూశాడు. పెళ్లాం పోయిన మనిషి, పద్యం కూడా పూర్తి చెయ్యలేకపోయాడు, ఇంకా విసిగించడం ఎందుకులే అనుకున్నాడు. భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా నొక్కి, కప్పు తీసుకుని పక్క వరసకు వెళ్లిపోయాడు. మాథ్యూ చెయ్యి అప్పటికే ఒళ్లోంచి సగం లేచింది.